మేనకోడలికి, స్పాన్సర్ల దగ్గరికి వెళ్ళే ముందు

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మామూలుగా అప్ప ఫోన్ చేస్తే మోకాళ్ళ నొప్పో కాఫీ పిక్కల రేటో తప్ప వేరే మాట ఉండదు, నిన్న మాత్రం పొంగిపోతూ చెప్పింది, ఈ ఆగస్టు తొమ్మిదికి మన కుర్రకారంతా కలిసి ఆదివాసీ దినోత్సవం సొంతంగా చేస్తున్నారంట, డబ్బులు పోగేసే పని నీ నెత్తినేసుకున్నావంట. నువ్వు రాసిన స్పాన్సర్ల లెటర్ కూడా నాకు వాట్సాప్‌లో పంపింది. సంతోషం ఎంత వేసిందో చెప్పలేను, మా పిల్ల ఇంత రాసిందా అని రెండుసార్లు చదివాను. మూడోసారి చదివేసరికి గుండెల్లో రాయి పడింది. తెల్లారగట్ల నాలుగింటికే లేచి కూర్చుని ఇది టైప్ చేస్తున్నాను, కళ్ళజోడు సరిగ్గా ఆనదు, తప్పులుంటే సర్దుకో.

ముందు చిన్నవి అయిపోగొడతా. డబ్బు సంఘం ఖాతాలోనే పడాలి, నీ ఫోన్‌పేలో ఒక్క రూపాయి కూడా వద్దు. ఖాతాకి రెండు సంతకాలు. ఇచ్చినోడు యాభై రూపాయలిచ్చినా రసీదు. జూన్ లోపు తిరిగెయ్, ఆగస్టు ఒకటిన వెళ్తే ఎవడూ కూర్చోమని కూడా అనడు. తొమ్మిదో తారీకే ఎందుకమ్మా అని బ్యాంకు మేనేజర్ అడిగితే తడుముకోకు, ఐక్యరాజ్యసమితిలో ఆదివాసుల గురించి వేసిన వర్కింగ్ గ్రూపు 1982లో మొదటిసారి కూర్చున్న రోజు అది, 1994 డిసెంబరులో జనరల్ అసెంబ్లీ దాన్ని ఖాయం చేసింది అని టక్కున చెప్పు. ఇవి నీకు తెలీవని కాదు, ముప్పై ఏళ్ళు ఆశ్రమ పాఠశాలలో లెక్కలు చెప్పినోణ్ణి, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

ఇప్పుడు తిట్లు. ఆ లెటర్లో "మీ సీఎస్ఆర్ నిధుల నుంచి మా వేడుకకి స్పాన్సర్ చేయగలరు" అని రాశావు. ఎవరు చెప్పారే నీకు ఈ మాట? సీఎస్ఆర్ అని కంపెనీలు లాభంలో రెండు శాతం సమాజసేవకి పెట్టాలి అన్నది నిజమే, పెద్ద కంపెనీలకి. కానీ తమ సరుకు ప్రచారం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్‌ని ఆ లెక్కలో చూపించుకోడానికి రూల్స్ ఒప్పవు, ఒక్కరోజు జరిగి అయిపోయే ఈవెంట్‌కి కూడా అంతే. పైగా 2021 నుంచి ఆ డబ్బు తీసుకునే సంఘం సీఎస్ఆర్-1 అని ఫారం వేసి నంబరు తెచ్చుకోవాలి, దానికి ముందు ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళ కాగితాలుండాలి. మన సంఘానికి ఉన్నదల్లా ఒక రబ్బరు స్టాంపు, ఒక రేకు బీరువా. ఆ ఒక్క వాక్యం చూస్తే చాలు, చదివినోడు ఈ పిల్లకి ఏం తెలీదు అని పక్కన పడేస్తాడు. సీఎస్ఆర్ అడగాలనుంటే ఒక్కరోజు వేడుక కోసం అడగకు, ఏడాది పొడుగునా పిల్లలకి మోరి, కిరిడి వాయించడం నేర్పే పనికి అడుగు, సంప్రదాయ కళలకి చట్టంలో చోటుంది. అది వచ్చే ఏటి మాట. ఈ ఏడు మటుకు సూటిగా ప్రచారం ఖర్చులోంచే ఇవ్వండి అని అడుగు.

అన్నట్టు అమెరికాలో ఉన్న నీ ఫ్రెండు వాళ్ళ అన్నయ్య పంపిస్తానన్నాడంట కదా, ఆయన అక్కడి పౌరసత్వం తీసేసుకుని ఉంటే ఆ డబ్బు విదేశీ విరాళం కిందకొస్తది, ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ లేకుండా ముట్టుకోకూడదు. దండం పెట్టి వద్దని చెప్పు.

డబ్బే అడగాలని లేదు. టెంటు వేసే అతను టెంటే స్పాన్సర్ చెయ్యొచ్చు, బియ్యం కొట్టాయన బియ్యం ఇవ్వొచ్చు, జీసీసీ, అదే గిరిజన సహకార సంస్థ వాళ్ళని స్టాల్ పెట్టుకోమని దానికి కొంత కట్టమనొచ్చు, 1956 నుంచి మన తేనె, చింతపండు కొంటున్నోళ్ళు, ఏడాదికొక్కసారి మనకి స్టాల్ అద్దె కడితే పోయేదేం లేదు. వస్తువు రూపంలో వచ్చేదాన్లో ఒక సుఖం ఉంది, వంద కేజీల బియ్యానికి ఎవడూ స్టేజి మీద అరగంట మాట్లాడతానని అనడు.

నన్ను నిద్ర లేపింది మాత్రం నీ "గోల్డ్ స్పాన్సర్" పేరా. యాభై వేలు ఇచ్చినవాళ్ళకి స్టేజి మీద బ్యానరు, దింసా ఆటతో స్వాగతం, డాన్సర్లకి కంపెనీ లోగో ఉన్న టీషర్టులు, గ్రామస్తులతో ఫోటో. అమ్మా, ఈ నాలుగూ నేను ఇరవై ఏళ్ళ కిందటే ఇచ్చేశాను. నీకు ఎప్పుడూ చెప్పలేదు.

2003. నువ్వప్పుడు మీ అమ్మ వీపు మీద ఉన్నావు. మాకు సంఘం కొత్త, ఉత్సాహం ఎక్కువ, చేతిలో పైసా లేదు. మైకు సెట్టుకే ఏడు వేలు అడిగాడు కింద నుంచి వచ్చినోడు. అలాంటప్పుడు ఒకాయన జీపులో వచ్చాడు, తెల్ల చొక్కా, చేతిలో బిస్కెట్ ప్యాకెట్లు, నన్ను "మాస్టారూ" అని ఎంత మర్యాదగా పిలిచాడంటే మా హెడ్మాస్టరు కూడా ఎప్పుడూ అలా పిలవలేదు. ఏదో రాళ్ళ వ్యాపారం అన్నాడు. పాతిక వేలు ఇస్తానన్నాడు, మైకు, భోజనాలు కూడా. బదులుగా ఏం కావాలండీ అంటే నవ్వి, ఏం వద్దు మాస్టారూ, మా పేరు ఒక మూల వేస్తే చాలు అన్నాడు. పాతిక వేలంటే అప్పుడు నా జీతం మూడు నెలలది. ఎందుకిస్తున్నాడు అని ఒక్క క్షణం ఆగి అనుకున్నానా? లేదు. స్టేజి ఎంత ఎత్తు కట్టాలా అని అనుకున్నాను.

ఆ రోజు పొద్దున్న రెండొందల టోపీలు వచ్చాయి, తెల్లవి, ముందు నీలం రంగులో వాళ్ళ పేరు. దింసా ఆడేవాళ్ళందరికీ ఇమ్మన్నారు. వర్షం కూడా ఉంది, తలకి మంచిదే కదా అనుకున్నాం. టోపీలు, భోజనం ప్యాకెట్లు ఎవరికి ఇచ్చామో లెక్క ఉండాలని ఒక కుర్రాడు బల్ల వేసుకుని కూర్చున్నాడు, గీతలు కొట్టిన తెల్ల కాగితాలు, పక్కన ఇంకు ప్యాడ్. సంతకం వచ్చినోళ్ళు సంతకం, రానోళ్ళు వేలిముద్ర. మీ అమ్మమ్మ ఇంకు ప్యాడ్ దగ్గర ఆగిపోయింది. ఆవిడకి కాగితం అంటే భయం, వాళ్ళ నాన్న కాలంలో షావుకారు రాయించుకున్న కాగితాలు చూసింది. నావైపు చూసింది. నేను దూరం నుంచే, వెయ్యమ్మా ఏం కాదు, భోజనం లెక్కకి, అన్నాను. వేసింది. చీర చెంగుకి వేలు తుడుచుకుంటూ వెళ్ళి వరసలో నిలబడింది. ఆ నీలం మరక ఆ చీరకి చాన్నాళ్ళు ఉండిపోయింది.

దింసా బ్రహ్మాండంగా జరిగింది. అదే బాధ. టోపీలు పెట్టుకుని, ఒకరి వెనక ఒకరు చేతులు కలుపుకుని, పాములా మెలికలు తిరుగుతుంటే ఫోటోగ్రాఫర్ బల్లెక్కి మరీ తీశాడు.

అక్టోబరులో మన కొండ మీద క్వారీ కోసం పంచాయతీలో మీటింగ్ పెట్టారు. క్వారీకి లీజు మన వాడి పేరు మీదే, మిషన్లు, లారీలు ఆ తెల్ల చొక్కాయనవి. 1997లో సుప్రీంకోర్టులో సమత కేసు తీర్పు వచ్చాక షెడ్యూల్డ్ ఏరియాలో, అంటే మనలాంటి గిరిజన ప్రాంతాల్లో, గిరిజనేతరుల పేరున గనుల లీజు కుదరదు కదా, అందుకని ముందు ఒక మనోణ్ణి నిలబెట్టి వెనక వాళ్ళు ఉంటారు, నువ్వు చదువుకున్నదానివి నీకు తెలుసు. షెడ్యూల్డ్ ఏరియాల్లో ఊళ్ళకి అధికారం ఇచ్చే పెసా చట్టం ఉంది, కంకరకైనా సరే ఊరివాళ్ళ సిఫారసు ముందు కావాలి. అది ఎలా వస్తదిలే అని మేం ధీమాగా వెళ్ళాం. ఆ తెల్ల చొక్కాయన ఒక ఆల్బం తీసి అధికారి ముందు పెట్టాడు. మొదటి ఫోటోలో నేను, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ చెక్కు అందుకుంటున్నాను. తర్వాత మన ఆడవాళ్ళందరూ వాళ్ళ పేరు నెత్తిన పెట్టుకుని ఆడుతున్నారు. ఆ కింద గీతలు కొట్టిన కాగితాలు, రెండొందల చిల్లర సంతకాలు, ముద్రలు. పైన ఖాళీగా ఉన్న చోట ఇప్పుడు నాలుగు లైన్లు టైపు చేసి ఉన్నాయి, మాకు అభ్యంతరం లేదు అని.

ఆ రాత్రి అన్నం తినలేదు నేను. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని, నన్ను తిట్టలేదు, బొటనవేలు చూసుకుంటూ ఒక్క మాట అంది. "టోపీకి ముద్ర వేశానురా, కొండకి వెయ్యలేదు." అంతే. మళ్ళీ చచ్చిపోయేదాకా ఆ ఊసెత్తలేదు.

తర్వాత అర్జీలు పెట్టాం, కాళ్ళరిగేలా తిరిగాం, ఏడాదిన్నరకి ఆగింది. ఆగేసరికి తినేసింది తినేశారు. చిన్నప్పుడు నన్ను అడిగేదానివి గుర్తుందా, మావయ్యా ఆ కొండకి పడమటి పక్క తెల్లగా ఎందుకుంది అని, వానకి చరియ విరిగిపడింది అని చెప్పేవాణ్ణి. వాన కాదమ్మా. నేనే.

అందుకని నా భయాలన్నీ ఒక పక్కకే ఒరిగి ఉంటాయి, నీకు చాదస్తం అనిపిస్తే అనిపించనీ. ఎవడు పిలవకుండా వచ్చి ఇస్తానంటాడో వాడి గురించి ముందు కనుక్కో. వాడి పేరున కాదు, వాడి వెనక ఎవరున్నారో, మన మండలంలో ఎక్కడ ఏ దరఖాస్తు పెట్టాడో ఎమ్మార్వో ఆఫీసులో అడుగు. సభలో ఎవరి చేతా ఎందుకూ సంతకాలు పెట్టించొద్దు, భోజనం లెక్క కావాలంటే టోకెన్లు ఇయ్యి, రంగు కాగితం ముక్కలు చాలు. తప్పనిసరైతే కాగితం పైన ఇది దేనికో ముందే పెన్నుతో రాసి, ఖాళీ జాగాలో అడ్డంగా గీత కొట్టు. ఇచ్చినోడికి ఇచ్చే లెటర్లో, ఫోటోలు ఈ వేడుక గురించి తప్ప వేరే ఏ పనికీ వాడకూడదు అని ఒక లైను ఉండాలి, దాని కింద వాడి సంతకం. ఆ లైను చూసి వెనక్కి పోయినోడు పోనీ.

దింసా స్వాగతం సంగతి కూడా. ఎయిర్‌పోర్టులో మంత్రి దిగితే దింసా, హోటల్ తెరిస్తే దింసా, మన ఆడవాళ్ళు ఎండలో గంట నిలబడటం. నువ్వు కూడా అదే రాశావు. బోడ దింసా అమ్మవారికి ఆడేది, అది ఏ స్పాన్సర్ వచ్చినప్పుడూ మొదలవ్వదు, పెద్దలు మొదలుపెట్టమన్నప్పుడే. మిగతావి, గుండేరి, కుండ దింసా, ఊళ్ళోవాళ్ళు సరదాగా ఆడతామంటే వాళ్ళిష్టం. వాళ్ళని అడిగావా అసలు? నీ బడ్జెట్టులో శాలువాలకి ఎనిమిది వేలు ఉంది, ఆడేవాళ్ళకి భోజనం తప్ప ఏం లేదు. ఆగస్టులో వరి నాట్లు, ఒకరోజు కూలి పోతది వాళ్ళకి. శాలువాలు కొట్టెయ్, కూలి రాయి. బస్సు రాయి, ఘాటీలో జీపు టాపు మీద ఎక్కించావంటే నేనే వచ్చి సభ ఆపేస్తాను.

ఇంత తిట్టానని లెటర్ పంపడం మానెయ్యకు. చాలా బాగా రాశావు, మొదటి పేరాలో అమ్మమ్మ గురించి రాసిన రెండు లైన్లు నేను మీ అత్తకి చదివి వినిపించాను. గోల్డ్, సిల్వర్ తీసేసి, ఇచ్చిన వాళ్ళందరి పేర్లూ ఒకే సైజులో గేటు దగ్గర ఒక బోర్డు మీద రాయి, స్టేజి వెనక మాత్రం మన సవర బొమ్మలు వేసే పిల్లలున్నారు కదా, వాళ్ళ చేత గుడ్డ మీద వేయించు. బ్యాంకుకి, జీసీసీకి వెళ్ళేటప్పుడు ఒక్కదానివే వెళ్ళకు, నేను వస్తాను. మాట్లాడను, పక్కన కూర్చుంటా. నిజంగా మాట్లాడను.

నేనూ ఒక స్పాన్సర్‌ని, రాసుకో. వానకి డప్పులు, తుడుములు చల్లబడి మోగవు, మాటిమాటికీ మంట దగ్గర కాచుకోవాలి, ఆ రోజుకి పొడి కట్టెలు నావి. ఇప్పటికే చీల్చి అటక మీద పెట్టాను. బోర్డు మీద నా పేరు అక్కర్లేదు. రసీదు మాత్రం ఇయ్యి.

మీ మావయ్య