మాటకు మాట: పిల్లల డిబేట్‌పై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా హైస్కూలు పిల్లలు ఆరుగురు. వక్తృత్వ పోటీల్లో కప్పులు తెస్తారు. వరల్డ్ స్కూల్స్ పద్ధతి డిబేట్‌కు పంపితే మాత్రం మొదటి రౌండ్లలోనే ఓడిపోతున్నారు. వారానికి రెండు గంటలే దొరుకుతాయి. ఏం నేర్పాలి?
– ఒక టీచరు, బరంపురం

జవాబు: కప్పులు తెచ్చిన అలవాటే ఇక్కడ కాళ్లకు అడ్డం పడుతోంది. వక్తృత్వంలో కంఠతా పట్టింది అప్పజెబితే చాలు, అడ్డొచ్చేవాడు ఉండడు. ఇక్కడ జట్టుకు ముగ్గురు, ఒక్కొక్కరికి 8 నిమిషాలు, చివర జట్టు వాదనంతా కూడగట్టి చెప్పే 4 నిమిషాల రిప్లై. రిప్లై మొదటి వక్తో రెండో వక్తో ఇవ్వాలి, మూడో వక్తకు వీల్లేదు. పూర్తిగా ముందే రాసుకోగలిగింది ప్రపోజిషన్ (అంశాన్ని సమర్థించే జట్టు) మొదటి ప్రసంగం ఒక్కటే. రెండో వక్త సుమారు 3 నిమిషాలు రిబటల్‌కు, అంటే ఎదుటివాళ్ల వాదనను ఖండించడానికి, కేటాయించి తర్వాత తన పాయింట్ ఎత్తుకోవాలి. మూడో వక్తది దాదాపు అంతా రిబటలే. ముగింపు అదరాలని చాలా బళ్లలో గొంతున్న పిల్లను మూడో స్థానంలో పెడతారు. అక్కడ పెట్టాల్సింది బాగా వినే పిల్లను.

సాధనకు మన పక్క మోషనే (చర్చించే అంశం) తీసుకోండి: "ఋషికుల్య ముఖద్వారం దగ్గర వేట నిషేధాన్ని తగ్గించాలి." గుడ్లు పెట్టడానికొచ్చే సముద్రపు తాబేళ్ల కోసం, నవంబరు 1 నుంచి మే 31 దాకా, తీరానికి 20 కిలోమీటర్ల లోపు చేపల వేటపై ఉండే నిషేధం అది. గంజాం తీరపు నోలియా (మత్స్యకారుల) పేటల్లో తెలుగు ఇళ్లు చాలా ఉన్నాయి కాబట్టి మీ పిల్లల్లో కొందరికి ఇది ఇంటి గొడవే. అయినా వాళ్ల మానాన వదిలేస్తే ఒక జట్టు "తాబేళ్లు పోతాయి" అంటుంది, ఇంకోటి "మత్స్యకారులు పస్తులుంటారు" అంటుంది. రెండు మాటలూ ఎక్కడా తగులుకోవు. జడ్జికి రాసుకోవడానికి ఏమీ దొరకదు.

తగులుకోవడం అంటే ఇలా. ప్రపోజిషన్: "గుంపుగా గుడ్లు పెట్టేది ఎక్కువగా ఫిబ్రవరి, మార్చిల్లో కదా, నవంబరు నుంచే పడవలు కట్టేయడం ఎందుకు?" అపోజిషన్ (వ్యతిరేకించే జట్టు): "గుడ్లు ఒడ్డున పెడతాయి, చచ్చేది నీళ్లలో. జతకట్టడానికి ముందునుంచే తీరానికి చేరతాయి. ట్రాలర్ వలలో చిక్కితే పైకొచ్చి ఊపిరి తీసుకోలేవు." వెంటనే ప్రపోజిషన్: "అయితే ట్రాలర్లను ఆపితే చాలదా? చిన్న మోటారు పడవలేం చేశాయి?" ఇక్కడినుంచి డిబేట్ మొదలైనట్టు.

రిబటల్‌ను నాలుగు ముక్కల్లో చెప్పించండి: వాళ్లన్నది, మేమనేది, ఎందుకంటే, కాబట్టి. పిల్లలు జారవిడిచేది మూడోది. "అది తప్పు" అని నాలుగోదానికి దూకేస్తారు. మొదటి ముక్కకు విడిగా ఒక ఆట ఉంది. ఒకరు నిమిషం మాట్లాడాలి, ఇంకొకరు దాన్ని 20 సెకన్లలో తిరిగి చెప్పాలి. "అవును, నేనన్నది అదే" అని మొదటివాళ్లు ఒప్పుకున్నాకే జవాబు.

నోట్సుకు తెల్లకాగితం అడ్డంగా పెట్టి, వక్తకో నిలువు గడి గీయించండి. వాళ్ల మాట నీలం సిరాతో, మన జవాబు దాని పక్కనే ఎర్ర సిరాతో. ఎర్ర సిరా లేని గడి కనిపిస్తే ఏ పాయింట్‌కు జవాబు చెప్పలేదో తెలిసిపోతుంది.

రెండు గంటల లెక్క: ఆటకు 15 నిమిషాలు, తయారీకి 30, పూర్తి డిబేట్‌కు 56, మీ వ్యాఖ్యకు 15. మిగిలిన నాలుగూ వాళ్ల పోట్లాటకు. పోటీలో అప్పటికప్పుడిచ్చే మోషన్లకు తయారీ గంట ఉంటుంది, అరగంటకు అలవాటుపడ్డవాళ్లకు అది పుష్కలం.

ప్రశ్న: మా అబ్బాయికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. పోటీ ఇంగ్లీషులో. యాస వల్ల మార్కులు పోతాయా?
– ఒక తండ్రి, పర్లాకిమిడి

జవాబు: యాసకు కోత వేయకూడదు. నూరు మార్కుల్లో విషయానికి 40, శైలికి 40, వ్యూహానికి 20. శైలి అంటే మాట స్పష్టంగా వినబడటం, వేగం, జడ్జి కళ్లలోకి చూడటం. అసలు చిక్కు వేరే ఉంది. తెలుగులో క్రియ చివర వస్తుంది, తేల్చే మాటా చివరే చెప్పడం మనకు అలవాటు. అదే వరసలో ఇంగ్లీషులో కారణాలన్నీ ఏకరువు పెడితే, ఎటు పోతున్నాడో తెలియక జడ్జి కలం ఆపేస్తాడు. తేల్చిన మాట ముందు, కారణం తర్వాత చెప్పమనండి. ఆలోచన తెలుగులోనే సాగనివ్వండి, కాగితం మీద ముఖ్యమైన మాటలు మాత్రం ఇంగ్లీషులో రాసుకోవాలి, లేకపోతే నిలబడ్డాక అనువాదంతోనే సరిపోతుంది. తెలుగు డిబేట్‌కు వెళ్తే గ్రాంథికం జోలికి పోనివ్వకండి. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడింది మీ ఊళ్లో ఉండే కదా.

ప్రశ్న: మాట్లాడుతుంటే ఎదుటి జట్టు పాయింట్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ (ప్రసంగం మధ్యలో అడిగే చిన్న ప్రశ్న) అంటూ లేస్తుంది. ఎన్ని తీసుకోవాలి?
– పదో తరగతి విద్యార్థిని, గుణుపురం

జవాబు: రెండు తీసుకో అమ్మా. ఒక్కటీ తీసుకోకపోతే భయపడ్డావని రాసుకుంటారు, నాలుగు తీసుకుంటే నీ టైము వాళ్లదవుతుంది. మొదటి నిమిషంలోనూ చివరి నిమిషంలోనూ వాళ్లు లేవకూడదు. మధ్యలో లేచినా వాక్యం ముగించాకే "అడగండి" అను. పాయింట్ సగంలో ఉంటే చేత్తో కూర్చోమని సైగ చేసి సాగిపో. వాళ్లకు 15 సెకన్లే, దాటితే ఆపేయొచ్చు. "తర్వాత చెప్తాను" అని మాత్రం అనకు, ఆ తర్వాత ఎప్పుడొస్తుందా అని జడ్జి ఎదురుచూస్తాడు.