చేప గుడ్లగూబా, చేపల గూబా?

సందేహం: పిల్లల పత్రికకు ప్రపంచంలోకెల్లా పెద్ద గుడ్లగూబ గురించి వ్యాసం రాశాను. "జపాన్‌లోని హొక్కైడో దీవిలో అంతరించిన చేప గుడ్లగూబను అక్కడి ప్రభుత్వం కాపాడుతోంది. దీని తల మీద రెండు చెవులు పైకి లేచి ఉంటాయి" అన్న చోట సంపాదకుడు ఎర్రగీత గీసి, కారణం చెప్పకుండా తిప్పి పంపారు. తప్పేమిటి?

సమాధానం: ముందు 'చేప గుడ్లగూబ'ను పైకి చదివి చూడండి. 'చేప గుడ్ల'తో ఆగి, తర్వాత 'గూబ' అన్నారనుకోండి, పిల్లలకు చేపగుడ్లే కనిపిస్తాయి! గుడ్లగూబలోని గుడ్లు కనుగుడ్లు. గూబ అన్నా ఆ పక్షే.

ఇంకో చిక్కు ఏకవచనంతో. చేప ముల్లు, చేప తల, చేప పొలుసు అంటాం. ఇవి చేప ఒంట్లోని భాగాలు. చేపలతో వ్యవహారం ఉన్నవాటికి మాత్రం బహువచనం వాడతాం: చేపల వల, చేపల చెరువు, చేపల వేట. ఈ పక్షి చేపలో భాగం కాదు, చేపలను పట్టేది. ఒడ్డున కాపువేసి, లోతులేని నీళ్లలోకి దిగి వేటాడుతుంది. మిగతా గూబలు చప్పుడు లేకుండా ఎగురుతాయి, దీని రెక్కల చప్పుడు మాత్రం వినిపిస్తుంది. నీటిలోని చేపకు ఆ చప్పుడు తెలియదు కదా, దీనికి ఇబ్బంది లేదు. కాబట్టి 'చేపల గూబ' అనండి. 'గుడ్ల' తీసేస్తే ఆ మొదటి గందరగోళమూ పోతుంది.

ఇక 'అంతరించిన'. నాకైతే అసలు తప్పు ఇదే. 'ఇన' ప్రత్యయం పని ముగిసిందని చెబుతుంది. విరిగిన కొమ్మ అంటే విరగడం అయిపోయిందనే. అంతరించిన పక్షిని ఏ ప్రభుత్వం కాపాడగలదు? పత్రికల్లో ఎక్కువగా కనిపించే 'అంతరించిపోతున్న' కొంత నయం. కానీ అది రోజురోజుకూ తగ్గుతోందన్న అర్థం ఇస్తుంది. హొక్కైడోలో ఈ పక్షి లెక్క బాగా పడిపోయిన మాట నిజమే. గూడు కట్టుకోను పెద్ద తొర్రలుండే ముసలి చెట్లను నరికేశారు, నదులకు అడ్డుకట్టలు వేయడంతో చేపలు ఎగువకు రాలేకపోయాయి. జపాన్ దీన్ని 1971లో జాతీయ సహజ స్మారకంగా, అంటే చట్టం రక్షణ ఉన్న జీవిగా, ప్రకటించింది. తర్వాత చెట్లకు గూడుపెట్టెలు కట్టి, చలికాలంలో చేపలు వేశారు. దాంతో సంఖ్య మెల్లగా పుంజుకుంటోంది. అందుకని 'అంతరించే ప్రమాదంలో ఉన్న' అంటే ఇక్కడ అతుకుతుంది. రష్యా తూర్పు తీరంలోనూ ఈ పక్షి ఉంది కనుక, వ్యాసంలో ఒక్క హొక్కైడోతో సరిపెట్టకండి.

తల మీదివి చెవులు కావు. ఈకల కుచ్చులు. నిజమైన చెవులు తలకు రెండు పక్కలా ఈకల కింద దాగిన రంధ్రాలు. తెలుగులో చెవిని కూడా గూబ అంటాం ('గూబ గుయ్యిమంది' గుర్తుందా?), అది వేరే మాట, ఇక్కడ దాన్ని తేకండి. ఇంకొకరు 'కొమ్ములు' అని దిద్దితే అదీ ఒప్పుకోవద్దు.

మీ వ్యాసంలో చోటుంటే, హొక్కైడో ఆదివాసులైన ఐనూ ప్రజలు ఈ పక్షిని పిలిచే పేరు ఒకటి చేర్చండి: కోటన్ కోర్ కముయ్, అంటే ఊరిని కాచే దేవుడు. రెక్కలు చాస్తే 2 మీటర్లకు కొంచెం తక్కువ, ఆడపక్షి 4.5 కిలోల దాకా తూగుతుంది.