2000 మందిలో పది శాతం మందిని అడిగితే సర్వేకి సరిపోతుందా?

మొత్తం సభ్యులు 2000 మంది, వాళ్లలో ఎంత శాతం ఒక సేవను వాడుతున్నారో తేలాలి, పది శాతం లెక్కన 200 మందిని అడిగితే చాలా అని మీరు అడిగారు. ఆ పది శాతం లెక్క వదిలేయండి. ఫలితంలో ఎంత తేడా వచ్చినా ఫర్వాలేదో ముందు తేల్చుకోండి, శాంపిల్ సైజు (ఎంతమందిని అడగాలన్నది) దాన్నిబట్టే వస్తుంది.

±5 శాతం తేడా, 95 శాతం కాన్ఫిడెన్స్ (ఇలాంటి సర్వే వందసార్లు చేస్తే దాదాపు 95 సార్లు అసలు శాతం ఆ తేడాలోపే ఉంటుందని) అనుకుందాం. ఆ 95 శాతానికి లెక్కలో వాడే అంకె 1.96. 1.96 × 1.96 × 0.5 × 0.5 ని 0.05 × 0.05 తో భాగిస్తే 384.16, అంటే 385 (ఎప్పుడూ పై అంకెకే సవరించాలి). అసలు శాతం ముందే తెలియదు కాబట్టి 0.5 పెడతాం. వేరే ఏ విలువ పెట్టినా ఇంతకన్నా పెద్ద శాంపిల్ రాదు. తేడా సగానికి తగ్గాలంటే శాంపిల్ నాలుగింతలవుతుంది.

మీ జాబితా చిన్నదే కాబట్టి 384.16 ని (1 + 383.16 ÷ 2000) తో భాగించండి, 323 చాలు. 200 దగ్గరే ఆపితే తేడా దాదాపు ±6.6 శాతం. అదే సభ్యులు రెండు లక్షలున్నా 384 మందే కావాలి, 20,000 మంది అక్కర్లేదు.

ఈ 323 చేతికొచ్చిన జవాబుల సంఖ్య అని గుర్తుంచుకోండి. పదిమందిలో ఆరుగురే జవాబిస్తారనుకుంటే 539 మందిని ఎంచుకోవాలి. చాలా సర్వేలు దెబ్బతినేది ఇక్కడే. సేవ వాడేవాళ్లే ఎక్కువగా జవాబిస్తే ఎన్ని వందలు కలిపినా శాతం పెరిగే కనిపిస్తుంది. జవాబివ్వనివాళ్ల బదులు దొరికినవాళ్లను అడక్కండి, ఎంచుకున్నవాళ్లకే రెండు మూడుసార్లు గుర్తుచేయండి.

స్త్రీలకూ పురుషులకూ విడివిడిగా ±5 కావాలంటే ఒక్కో వర్గానికీ వేరుగా లెక్క వేయాలి. కొన్ని శాఖలను ఎంచుకుని ఒక్కో దాంట్లో 20 మందిని అడిగితే వాళ్ల జవాబులు ఒకేలా ఉండే అవకాశం ఎక్కువ. ఆ పోలికను 0 (అసలు లేదు) నుంచి 1 (అందరిదీ ఒకే జవాబు) దాకా కొలిస్తే, అది 0.05 ఉన్నా 1 + (20 − 1) × 0.05 = 1.95, అంటే శాంపిల్ దాదాపు రెట్టింపు కావాలి. వీలైతే పూర్తి జాబితా నుంచే రాండమ్‌గా తీయండి.

వాడేవాళ్లు 2 శాతమే ఉంటారని అనుమానముంటే ±5 తో ఏమీ తెలియదు. ±0.5 కావాలి, దానికి 0.5 × 0.5 బదులు 0.02 × 0.98 పెట్టి లెక్కేసినా మీ 2000 లోనే 1203 మంది పడతారు. అంతదాకా వచ్చాక అందరినీ అడగడమే మేలు.