లైకా వారం రోజులు బతికిందా?

ప్రశ్న: మా అబ్బాయి ఆరో తరగతి. అంతరిక్షంలోకి పంపిన కుక్క లైకా గురించి చదివి "అది మళ్లీ కిందికి ఎప్పుడు దిగింది నాన్నా?" అని అడిగాడు. దిగలేదురా అంటే ఒకటే ఏడుపు. వారం రోజులు హాయిగా తిరిగి, నిద్రలోనే పోయిందని చిన్నప్పుడు మా మాస్టారు చెప్పారు. నిజమేనా? అప్పట్లో పంపిన మిగతా జంతువులు ఏమయ్యాయి?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ మాస్టారి తప్పేం లేదండీ, సోవియట్ వాళ్లు లోకానికి చెప్పిన కథ దాదాపు అదే. 2002లో హ్యూస్టన్‌లో జరిగిన అంతరిక్ష సదస్సులో దిమిత్రి మలషెంకోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త అసలు సంగతి బయటపెట్టాడు. లైకా బతికింది అయిదు నుంచి ఏడు గంటలు, అంతే.

లైకా మాస్కో వీధికుక్క. చలికీ ఆకలికీ అలవాటుపడ్డ కుక్కయితే తట్టుకుంటుందని వీధుల్లో తిరిగేవాటినే పట్టుకొచ్చేవారు, అందులోనూ ఆడకుక్కల్నే, ఎందుకంటే ఆ ఇరుకులో కాలెత్తే చోటు ఉండదు కదా. 1957 అక్టోబరు 4న సోవియట్ వాళ్ల మొదటి ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరింది. రష్యా విప్లవానికి నలభై ఏళ్లు నిండే నవంబరు 7లోగా ఇంకోటి ఎగరాలని సోవియట్ నేత క్రుశ్చేవ్ పట్టుబట్టాడు, దాంతో లైకాని ఎక్కించే స్పుత్నిక్-2ని నాలుగు వారాలైనా లేని టైములో హడావిడిగా తయారుచేశారు. కిందికి దింపే ఏర్పాటు అందులో అసలు లేనేలేదు. అంటే అది చనిపోతుందని తెలిసే ఎక్కించారు. దాన్ని ప్రమాదం అనడానికి నాకైతే నోరు రాదు.

నవంబరు 3న రాకెట్ లేస్తుంటే నిమిషానికి 103 సార్లు కొట్టుకునే గుండె 240కి ఎగబాకింది. భారం లేని స్థితిలోకి వెళ్లాక అది మామూలుకి రావడానికి నేల మీద చేసిన పరీక్షల్లో కంటే మూడింతల టైము పట్టింది. ఈలోగా లోపల వేడి పెరిగిపోయింది, 40 డిగ్రీలు దాటింది, ఆ వేడికీ భయానికీ ప్రాణం పోయింది. ఆ తర్వాత కూడా అయిదు నెలలకు పైగా స్పుత్నిక్-2 దాన్ని మోసుకుంటూ తిరిగి, 1958 ఏప్రిల్ 14న వాతావరణంలోకి దిగుతూ కాలిపోయింది. ఆ పనిలో ఉన్న ఒలెగ్ గజెంకో ముసలితనంలో బాధపడ్డాడు, ఆ కుక్క చావుకి తగినంతగా మేం నేర్చుకున్నదేమీ లేదని ఒప్పుకున్నాడు.

ఇక మిగతావి. 1960 ఆగస్టులో వెళ్లిన బెల్కా, స్త్రెల్కా అనే కుక్కలు ఒక రోజు తిరిగి క్షేమంగా దిగాయి. స్త్రెల్కాకి ఆరు పిల్లలు పుడితే, పుషింకా అనే పిల్లని క్రుశ్చేవ్ అమెరికా అధ్యక్షుడు కెనడీ ఇంటికి కానుకగా పంపాడు. మీవాడికి ముందు ఈ కథ చెప్పండి, కాస్త తేరుకుంటాడు. వీటికి మూడు వారాల ముందు బయల్దేరిన చైకా, లిసిచ్కా మాత్రం రాకెట్ పేలిపోయి చనిపోయాయి, వాటి పేర్లు పెద్దగా ఎవరికీ తెలియవు.

అమెరికా వాళ్లు కోతుల్నీ చింపాంజీల్నీ పంపారు. 1961 జనవరిలో వెళ్లొచ్చిన హామ్ పళ్లికిలించిన ఫొటో మీరు చూసే ఉంటారు, నవ్వుతోందని మురిసిపోతాం కానీ చింపాంజీ అలా పళ్లు బయటపెట్టేది చాలాసార్లు భయంతోనే. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇనోస్ అనే ఇంకో చింపాంజీ కథ. మీట సరిగ్గా నొక్కితే షాక్ కొట్టదని దానికి నేర్పారు. అదే ఏడాది నవంబరులో, పైకి వెళ్లాక యంత్రం పాడై, సరిగ్గా నొక్కినా షాక్ కొడుతూనే ఉంది, అయినా అది నేర్చుకున్నట్టే నొక్కుతూ పోయింది. భూమిని రెండుసార్లు చుట్టి దిగింది, ఏడాది తిరగకుండానే రక్తవిరేచనాలతో పోయింది. ఫ్రాన్స్ 1963లో పంపిన ఫెలిసెట్ అనే పిల్లి ప్రాణాలతోనే దిగింది, కానీ మెదడు పరీక్షించాలని రెండు నెలల తర్వాత వాళ్లే చంపేశారు. 1959లో వెళ్లొచ్చిన బేకర్ అనే బుల్లికోతి మాత్రం నిండుగా బతికింది, 1984 దాకా. అలబామాలోని హంట్స్‌విల్‌లో దాని సమాధి మీద జనం ఇప్పటికీ అరటిపళ్లు పెడుతుంటారు.

మీవాడు మళ్లీ లైకా దగ్గరికే వస్తే ఇంకో మాట చెప్పండి. ప్రయాణానికి ముందు వ్లదీమిర్ యజ్దోవ్‌స్కీ అనే డాక్టరు దాన్ని తన ఇంటికి తీసుకెళ్లాడు, తన పిల్లలతో కాసేపు ఆడుకోనిచ్చాడు.