విడిదింట్లో బీరువాలెందుకు, బుజ్జీ

బుజ్జీ,

మరతహళ్ళి పీజీకి చేరానని నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. ఫ్యాక్టరీలో పెట్టిన మీ లినక్స్ కంప్యూటర్ బాక్సులు త్వరగా లేవాలంటే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌ని, అంటే బూట్ మొదట్లో ర్యామ్‌లోకి వచ్చే తాత్కాలిక ఫైళ్ళ మూటని, ఎలా తేలిక చేయాలని ఆదివారం భోజనాల దగ్గర నువ్వడిగినదానికి నేను సగమే చెప్పాను. అంతలో క్యాబ్ వచ్చిందని మీ బాబాయి తొందరపెట్టారు. మిగతాది ఇక్కడ రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

పీణ్యాలో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మీ బాక్సులు లేవడానికి చాలాసేపు పడుతోందనీ, ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ ఫోన్ చేసి అరుస్తున్నాడనీ అన్నావు. బూట్‌లో దేనికెంత సమయం పట్టిందో చూపించే సిస్టమ్‌డీ-ఎనలైజ్‌లో కెర్నెల్ (సిస్టమ్‌కి గుండె లాంటి ప్రోగ్రామ్) పక్కన పెద్ద అంకె కనిపించేసరికి మీవాళ్ళు కెర్నెల్‌ని మళ్ళీ కంపైల్ చేద్దామంటున్నారు కదా. వద్దు. మీది డెబియన్ అనే లినక్స్ రకం. అందులో ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ లోపల సిస్టమ్‌డీ (సర్వీసులన్నిటినీ మొదలుపెట్టేది) ఉండదు కాబట్టి అక్కడ పోయిన సమయమంతా కెర్నెల్ ఖాతాలోనే పడుతుంది. ఫెడోరా అనే ఇంకో రకంలో అయితే, ఆ మూటని (ఇమేజ్‌ని) కట్టే డ్రాకట్ అనే టూల్ పుణ్యమా అని దాన్ని విడిగా చూపిస్తుంది.

నువ్వు ఫోన్లో చూపించిన డీమెసేజ్ (కెర్నెల్ బూట్ లాగ్) ఫోటోని పెద్దది చేసి మళ్ళీ చూశాను. మూట పని మొదలైందని చెప్పే ‘రన్ స్లాష్ ఇనిట్’ అన్న లైను మూడో సెకనులో ఉంది, సిస్టమ్‌డీ మొదటి లైను 34వ సెకనులో ఉంది. మధ్యలో ఏమీ లేదు. ఆ 30 సెకన్లు దాదాపు కచ్చితంగా ఎదురుచూపే. స్వాప్ పార్టిషన్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ భాగం) తీసేసి మళ్ళీ చేశామన్నావు కదా, అప్పుడు దాని గుర్తింపు నంబరు, అదే యూయూఐడీ, మారిపోయింది. ఈటీసీలోని ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్-టూల్స్ ఫోల్డర్లో, కాన్ఫ్.డీ కింద, నిద్రపుచ్చిన మెషీన్‌ని ఏ స్వాప్ నుంచి లేపాలో చెప్పే రెజ్యూమ్ అని చిన్న ఫైలు ఉంటుంది. ఇన్‌స్టాలర్ రాసిన పాత యూయూఐడీ ఇంకా అందులోనే ఉండి ఉంటుంది. లేని స్వాప్ కోసం బాక్సు 30 సెకన్లు గుమ్మంలో నిలబడి, విసుగొచ్చి ముందుకెళ్తోంది. ఆ లైన్లో యూయూఐడీ బదులు నన్ (none) అని రాసి, ఇమేజ్ మళ్ళీ కట్టు. సూపర్‌వైజర్ గొడవ చాలావరకు అక్కడే తీరుతుంది.

ఇక ఇమేజ్ బరువు సంగతి. ముందు అదెందుకు ఉందో గుర్తుపెట్టుకో. డిస్క్ చదవాలంటే డ్రైవర్ కావాలి, ఆ డ్రైవర్ ఉన్నదేమో డిస్క్ మీద. బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి తాళం వేసినట్టు. ఆ చిక్కు విప్పడానికే ఈ చిన్న మూటని బూట్‌లోడర్ కెర్నెల్‌తో పాటు ర్యామ్‌లోకి తెస్తుంది. అసలు రూట్ (డిస్క్ మీది అసలు సిస్టమ్) దొరికి మౌంట్ కాగానే, అంటే వాడకానికి అందగానే, మూటలో ఉన్నదంతా తుడిచేసి పెత్తనం అక్కడికి అప్పగిస్తారు. పెళ్ళివారి విడిదిల్లు లాంటిది. రెండు పూటలుండి మండపానికి వెళ్ళిపోయే చోటికి ఎవరూ బీరువాలు మోసుకెళ్ళరు.

మా రోజుల్లో ఇనిట్‌ఆర్‌డీ ఉండేది. అది ర్యామ్‌లో ఒక ఉత్తుత్తి డిస్క్, సైజు ముందే ఖాయం. అందుకని ప్రతి ఫైలూ లెక్కపెట్టి వేసేవాళ్ళం. 2003లో 2.6 కెర్నెల్ వచ్చాక మామూలు సీపీఐఓ ఆర్కైవ్ (ఫైళ్ళని ఒకటిగా కట్టినది) సరిపోయింది, సైజు బాధ పోయింది. దాంతో ఆ లెక్కపెట్టే అలవాటు కూడా పోయింది. నాకు బాధ కలిగించేది అదే.

ఎల్‌ఎస్‌ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అన్న కమాండ్ కొట్టి మూటలో ఉన్న ఫైళ్ళ జాబితాని ఒక్కసారి మొదటి నుంచి చివరిదాకా చదువు. విసుగనిపించినా చదువు. ప్రతి పేరు దగ్గరా, రూట్ దొరకడానికి ఇది కావాలా అని అడుగు. మీ బాక్సుకి స్క్రీనే లేదు, కానీ ప్లిమత్ (బూట్ అవుతుంటే స్క్రీన్ మీద బొమ్మ చూపించేది) ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్లు దాని వెంట వచ్చేస్తాయి. ప్లిమత్ ప్యాకేజీ తీసేయి. డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేయనప్పుడు క్రిప్ట్‌సెటప్ హుక్ ఎందుకు? రెయిడ్ (డిస్కుల్ని జతకట్టి వాడటం) లేనప్పుడు ఎమ్‌డీఅడ్మ్ ఎందుకు? మానిటరింగ్ ఏజెంట్‌ని కూడా ఇందులో పెడదామని మీ టీమ్‌లో ఎవరో అన్నారన్నావు. ఒప్పుకోకు. రూట్ మౌంట్ అయ్యాక నడిపించగలిగిన ఏ పనికీ ఇందులో చోటు లేదు.

కంప్రెషన్ గురించి ఎక్కువ ఆలోచించకు. ఎక్స్‌జెడ్‌తో ఫైలు చిన్నదవుతుంది కానీ విప్పడానికి టైమ్ తీసుకుంటుంది. ఎల్‌జెడ్4 దానికి తిరగేసి. జెడ్‌స్టాండర్డ్ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. 2020లో వచ్చిన 5.9 కెర్నెల్ నుంచి ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌కి పనికొస్తోంది. అది పెట్టేసి మర్చిపో.

అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చేది మాడ్యూల్స్ అన్న సెట్టింగ్. అది మోస్ట్ అని ఉంటే ఎక్కడైనా పనికొస్తాయని రకరకాల డిస్క్ డ్రైవర్లు మూటలో పెడుతుంది. డెప్ అని మారిస్తే ఆ మెషీన్‌కి కావలసినవి మాత్రమే ఏరుతుంది. మార్చమనే చెప్తాను, కానీ ముందు నాకు జరిగింది విను.

నేను పాత ఆఫీసులో ఉన్నప్పుడు ఒక రాత్రి సర్వర్ బోర్డు పోయింది. డిస్క్ బాగానే ఉంది కదా అని దాన్ని తీసి ఇంకో మెషీన్లో పెట్టాం. ఆ మెషీన్ డిస్క్ కంట్రోలర్ వేరు. డెప్ పెట్టింది నేనే, అంతకు రెండేళ్ళ ముందు. బూట్ ఆగిపోయి, రూట్ డివైస్ లేదని చెప్పి, బ్రాకెట్లలో ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అన్న ప్రాంప్ట్ దగ్గర నిలబడిపోయింది. డేటా అంతా ఉంది, చేరే దారి లేదు. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, చ్‌రూట్‌తో ఆ డిస్క్ మీది సిస్టమ్‌లోకి వెళ్ళి, ఇమేజ్ మళ్ళీ కట్టేసరికి తెల్లవారింది. ఆ రాత్రి పడ్డ టెన్షన్ నీకు వద్దు.

అందుకని రెండు ఇమేజ్‌లు ఉంచు. అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌ని ఉత్త యూ ఆప్షన్‌తో నడిపితే కొత్త కెర్నెల్ ఇమేజ్ ఒక్కటే మారుతుంది, పాత కెర్నెల్‌ది మోస్ట్‌తో కట్టినదే మిగులుతుంది. కే ఆప్షన్‌తో ఆల్ అన్న మాట చేర్చావంటే రెండూ సన్నబడిపోతాయి, తిరిగి రావడానికి దారుండదు. గ్రబ్ (బూట్‌లోడర్) మెనూలోంచి ఆ పాతదాన్ని ఒకసారి నిజంగా బూట్ చేసి చూడు. బూట్ పార్టిషన్ నిండిందని ఎవరైనా దాన్ని ఆటోరిమూవ్ చేసేయకుండా చూసుకో, అది చాలాచోట్ల జరుగుతుంది.

అసలు ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్సే లేకుండా బూట్ చేయొచ్చా అన్నావు. డ్రైవర్లు కెర్నెల్‌లోనే కలిపేసి, రూట్‌ని పార్ట్‌యూయూఐడీతో (పార్టిషన్‌కి ఉండే గుర్తింపు నంబరుతో) చెప్తే చేయొచ్చు. ఫైల్‌సిస్టమ్ యూయూఐడీని కెర్నెల్ సొంతంగా గుర్తుపట్టలేదు. కానీ రేపు మీ కస్టమర్ డిస్క్ ఎన్‌క్రిప్షన్ కావాలంటే మళ్ళీ మొదటికొస్తారు, అంత శ్రమ దండగ.

ఫ్యాక్టరీలో ఉన్న బాక్సు మీద మాత్రం ముందు ఏదీ ప్రయత్నించకు. వచ్చే ఆదివారం ఆఫీసులో అడిగి ఒక స్పేర్ బాక్సు తీసుకురా, మానిటరూ కీబోర్డూ నా దగ్గర ఉన్నాయి. రెజ్యూమ్ ఫైలు ఫోటో మాత్రం రేపే పంపు.

మీ పిన్ని
మల్లేశ్వరం, బెంగళూరు