ఇన్వెస్టర్‌ను వెతికే ముందు మీ 12 నెలల లెక్క రాయండి

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఉద్యోగం చేస్తున్నాను. చిన్న క్లినిక్‌లకు అపాయింట్‌మెంట్లు, బిల్లులు చూసుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేసి, స్నేహితుడితో కలిసి కంపెనీ పెట్టాలని ఉంది. ఏడాదిన్నర ఇంటి ఖర్చులకు సరిపడా పొదుపు ఉంది. ఇంటి మీద లోన్ తీసుకోవాలా, ఇన్వెస్టర్‌ను పట్టుకోవాలా? ఫండింగ్ వీడియోలు చూసేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది. ఎక్కడ మొదలుపెట్టి నేర్చుకోవాలి?

జవాబు: ఇంటి మీద లోన్ ఇప్పుడు వద్దు. అప్పు తీసుకుంటే వాయిదాలు వెంటనే మొదలవుతాయి. మీకు మొదటి ఆదాయం ఎప్పుడొస్తుందో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. ఈ రెండింటికీ పొత్తు కుదరదు. అమ్మకాలు నిలకడగా సాగుతూ, బిల్లు ఇచ్చాక డబ్బు చేతికి రావడానికి నెలా రెండు నెలలు పడుతున్నప్పుడు ఆ మధ్య కాలానికి అప్పు బాగా పనికొస్తుంది. అప్పుడు కూడా పర్సనల్ గ్యారంటీ గురించి తప్పక అడగండి. కంపెనీ పేరు మీద తీసుకున్న లోన్‌కైనా ఆ కాగితం మీద సంతకం పెడితే, కంపెనీ కట్టలేనప్పుడు మీరే కట్టాలి.

నేర్చుకోవడం మీ సొంత లెక్కతో మొదలుపెట్టండి. వచ్చే 12 నెలల్లో ఏ నెల ఎంత వస్తుంది, ఎంత పోతుంది అని ఒక పట్టిక రాయండి. బిల్లు వేసిన నెలలో కాదు, డబ్బు ఖాతాలో పడే నెలలో రాయాలి. ఉదాహరణకు చేతిలో 12 లక్షలు ఉన్నాయి, నెలకు లక్షన్నర పోతోంది, అర లక్ష వస్తోంది అనుకోండి. నెలకు తరిగేది లక్ష, కాబట్టి 12 నెలలు నడుస్తుంది. దీన్నే రన్‌వే అంటారు. ఆ అర లక్ష రాకపోతే అదే డబ్బు 8 నెలలకే అయిపోతుంది. వీడియోల్లో కనిపించే పెద్ద పెద్ద మాటలన్నిటికీ ఈ పట్టికే పునాది.

మీరు మీ పొదుపు గురించి చెప్పారు, స్నేహితుడి పొదుపు గురించి చెప్పలేదు. దయచేసి ఈ వారమే అడగండి. ఆయన దగ్గర నాలుగు నెలలకే ఉంటే, ఐదో నెలలో ఆయన మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటారు. అంటే మీ కంపెనీ రన్‌వే నాలుగు నెలలే. వాటాల సంగతి కూడా ఇప్పుడే కాగితం మీద పెట్టుకోండి. స్టార్టప్‌లలో నాలుగేళ్ల వెస్టింగ్ మామూలే, అంటే వాటా ఒక్కసారిగా కాక పనిచేసిన కాలాన్ని బట్టి చేతికొస్తుంది: మొదటి ఏడాది పూర్తయితే పావు వంతు, తర్వాత నెలనెలా కొంత. ఏడాది లోపే వెళ్లిపోయినవాళ్లకు వాటా రాదు. స్నేహితుడితో ఈ మాట ఎత్తడం ఇబ్బందిగానే ఉంటుంది. అయినా పంచుకోవడానికి ఏమీ లేనప్పుడు తేలినంత తేలిగ్గా, డబ్బు వచ్చాక తేలదు.

మీ పొదుపులో ఏడాది ఇంటి ఖర్చు పక్కన పెట్టి, దాన్ని ముట్టకండి. మిగిలిన ఆరు నెలల సొమ్మే కంపెనీకి. అదైనా వాటా కింద పెడుతున్నారా, అప్పుగా ఇస్తున్నారా అన్నది రాసి పెట్టుకోండి. బంధువుల దగ్గర తీసుకున్నా ఇదే పద్ధతి.

ఇక బయటి డబ్బు. అన్నిటికంటే చవకైనది కస్టమర్ ఇచ్చే అడ్వాన్స్. దానికి వడ్డీ లేదు, వాటా ఇవ్వక్కర్లేదు. 1976లో ఆపిల్ మొదలైనప్పుడు బైట్ షాప్ అనే కంప్యూటర్ల దుకాణం ఒక్కోటి 500 డాలర్లకు 50 కంప్యూటర్లు కొంటానంది. ఆ ఆర్డర్ చూపించి స్టీవ్ జాబ్స్ 30 రోజుల అరువు మీద విడిభాగాలు తెచ్చారు. ఆ గడువులోపే కంప్యూటర్లు తయారుచేసి ఇచ్చి, బాకీ తీర్చారు. మీరూ ఉద్యోగంలో ఉండగానే ఐదు క్లినిక్‌లకు వెళ్లి, మూడు నెలల చందా ముందే కడతారా అని అడగండి. "బాగుంది" అనే మాట మీద నమ్మకం పెట్టుకోకండి, డబ్బు కట్టినవాళ్లనే లెక్కలోకి తీసుకోండి.

ఇన్వెస్టర్ దగ్గరకు వెళ్లే రోజొస్తే రెండు లెక్కలు చేతితో వేయగలగాలి. మొదటిది వాటా. కంపెనీ విలువ 80 లక్షలని ఒప్పుకుని 20 లక్షలు తీసుకుంటే, మొత్తం కోటిలో ఇన్వెస్టర్‌ది 20 శాతం. చెరి సగం ఉన్న మీ ఇద్దరికీ 40 చొప్పున మిగులుతుంది. మరోసారి అలాగే 20 శాతం ఇస్తే 32కు దిగుతుంది. రెండోది లిక్విడేషన్ ప్రిఫరెన్స్, అంటే కంపెనీ అమ్ముడైనప్పుడు ఇన్వెస్టర్ అందరికంటే ముందు తన డబ్బు తీసుకునే హక్కు. మామూలు షరతు ప్రకారం, ఆ 20 లక్షలు పెట్టాక కంపెనీ 30 లక్షలకే అమ్ముడైతే ఇన్వెస్టర్ ముందు తన 20 లక్షలు తీసుకోవచ్చు. అప్పుడు 80 శాతం వాటా ఉన్న మీ ఇద్దరికీ కలిపి మిగిలేది 10 లక్షలు. చాలామంది శాతం మీద బేరమాడతారు, ఈ షరతు చదవకుండా సంతకం పెడతారు. నాకు బాధ కలిగించే విషయమిది.

వెంచర్ క్యాపిటల్, అంటే వాటా తీసుకుని కొత్త కంపెనీల్లో డబ్బు పెట్టే ఫండ్లు, అందరికీ సరిపడదు. వాళ్లు డబ్బు పెట్టిన చాలా కంపెనీల్లో నష్టపోతారు, ఒకటి రెండు ఎన్నో రెట్లు పెరిగి ఆ నష్టం పూడ్చాలి. నిదానంగా లాభం తెచ్చే మంచి వ్యాపారం వాళ్లకు పనికిరాకపోవచ్చు. అది మీ వ్యాపారంలో లోపం కాదు. 2001లో మొదలైన మెయిల్‌చింప్ అనే ఈమెయిల్ మార్కెటింగ్ కంపెనీ బయటి పెట్టుబడి లేకుండానే ఎదిగింది. 2021లో ఇంట్యూట్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ దాన్ని సుమారు 1,200 కోట్ల డాలర్లకు కొంది.

రాజీనామా ఇంకా ఇవ్వకండి. 12 నెలల పట్టిక, స్నేహితుడితో ఒప్పందం, ముందే డబ్బు కట్టిన క్లినిక్‌ల సంఖ్య, ఈ మూడూ చేతికి వచ్చాక మళ్లీ రాయండి. అప్పుడు ఎంత కావాలో, ఎవరిని అడగాలో లెక్క ముందు పెట్టుకుని చూద్దాం.