డాక్టర్ సలహా: ఆయనకు తెలియకుండా మాత్ర కలపడం ఈ రోజే ఆపండి

ప్రశ్న: మాది ఆదోని. మా ఆయనకు 44 ఏళ్లు, మార్కెట్ యార్డులో హమాలీ. పదిహేనేళ్లుగా తాగుతున్నారు. ఇప్పుడు పొద్దున్నే క్వార్టర్ పడందే పనికి కదల్లేరు. తెలిసినవాళ్లు చెబితే మెడికల్ షాపులో తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్ మాత్రలు తెచ్చి, పొడి చేసి కూరలో కలుపుతున్నాను. ఆయనకు తెలియదు. పోయిన వారం తాగి రాగానే ముఖం ఎర్రబడింది, వాంతులయ్యాయి, గుండె దడ అన్నారు. భయపడి రెండు రోజులు ముట్టలేదు. రెండో రోజు రాత్రి చేతులు వణికి, చెమటలు పట్టి, గోడ మీద పురుగులు పాకుతున్నాయని కేకలు వేశారు. ఆర్‌ఎంపీ వచ్చి గ్లూకోజ్ సెలైన్ ఎక్కించారు. తర్వాత మళ్లీ తాగుడు మొదలైంది. ఇప్పుడు సగం మాత్రే కలుపుతుంటే ఏమీ కావడం లేదు. డోసు పెంచవచ్చా? కిడ్నీలు పాడవుతాయా? పోయినేడాది కామెర్లు వస్తే పసరు తాగించాం. వచ్చే నెల అయ్యప్ప మాల వేసుకుంటానంటున్నారు. మాల వేస్తే మానేసినట్టే కదా?
– ఒక సోదరి, ఆదోని

జవాబు: అమ్మా, డోసు పెంచకండి. సగం కూడా కలపకండి. ఎందుకో చెబుతాను. అంతకంటే ముందు మాట్లాడాల్సింది గోడ మీద పురుగుల గురించి. మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు, నా కంగారంతా అక్కడే ఉంది.

ఏళ్ల తరబడి రోజూ తాగేవారి మెదడు ఆల్కహాల్ మత్తుకు ఎదురు నిలవడానికి తన వేగాన్ని పెంచుకుని ఉంటుంది. మద్యం ఒక్కసారిగా ఆగిపోతే ఆ వేగాన్ని అణిచేది ఉండదు. ఆరేడు గంటల్లో వణుకు, చెమట, ఆందోళన మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగో రోజు మధ్య కొందరు మనుషుల్ని గుర్తుపట్టలేరు, లేనివి కనిపిస్తాయి, జ్వరం వస్తుంది, బీపీ పెరుగుతుంది. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటాం. చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. మీ ఆయన ఆ రాత్రి దాని అంచుదాకా వెళ్లి ఉండవచ్చు, చూడకుండా ఖాయంగా చెప్పలేను. ఒకసారి ఇలా అయినవారికి తర్వాతిసారి మరింత తీవ్రంగా వచ్చే ప్రమాదం ఉంది.

అందుకే మాల గురించి ఈ మాట. మన ప్రాంతంలో అయ్యప్ప మాల, పాండురంగ మాల వేసుకుని తాగుడు వదిలేసినవాళ్లు ఉన్నారు. ఆ నమ్మకం పెద్ద బలం, నేను కాదనను. కానీ మాల వేసుకున్న రెండో రోజో మూడో రోజో ఫిట్స్‌తో వచ్చేవాళ్లను కార్తీక మాసంలో మేం తరచూ చూస్తుంటాం. నలభై ఒక్క రోజుల దీక్షలో మొదటి వారమే గండం. అంతకుముందే వారం పది రోజులు ఆసుపత్రిలో ఉండి, మద్యం శరీరం నుంచి పూర్తిగా దిగాక మాల వేసుకోమనండి. తాగుతూ ఉండమని నా అర్థం కాదు. ఇంట్లో ఒక్కసారిగా ఆపవద్దంటున్నాను.

సెలైన్ సంగతి కూడా చెప్పాలి. బాగా తాగేవారిలో థయామిన్, అంటే బి1 విటమిన్, అడుగంటి ఉంటుంది. థయామిన్ ఇంజెక్షన్ ఇవ్వకుండా గ్లూకోజ్ బాటిళ్లు ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినవచ్చు. నడక తూలడం, చూపు రెండుగా కనిపించడం, అయోమయం దాని లక్షణాలు. సకాలంలో చూడకపోతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినవచ్చు. నీరసంగా ఉన్నాడని సెలైన్ పెట్టించడం మన ఊళ్లలో అలవాటైపోయింది. తాగే మనిషి విషయంలో దయచేసి ఆ పని చేయకండి.

ఇక మాత్ర. ఆల్కహాల్ శరీరంలో విరిగేటప్పుడు మధ్యలో ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థం తయారవుతుంది. మామూలుగా అది వెంటనే పోతుంది. డైసల్ఫిరామ్ దాన్ని పోనివ్వదు. ముఖం ఎర్రబడటం, వాంతులు, దడ అందుకే. ఎక్కువైతే బీపీ పడిపోతుంది, గుండె లయ తప్పుతుంది. తాగితే ఏమవుతుందో తెలిసి, ఒప్పుకుని, లివర్, గుండె పరీక్షలు చేయించుకుని, చివరి చుక్క తాగి కనీసం 12 గంటలు దాటాక వాడాల్సిన మందు ఇది. తాగితే ఇలా అవుతుందన్న ఎరుకే అందులో సగం వైద్యం. ఆ ఎరుక లేని మనిషికి కూరలో కలిపితే అది విషప్రయోగమే అవుతుంది. మీ కష్టం నాకు తెలుసు. ఇంట్లో వేరే దారి దొరక్కే ఆడవాళ్లు ఈ పని చేస్తారు. అయినా తప్పు తప్పే. చీటీ లేకుండా ఆ మాత్ర అమ్మినవారిది మీకంటే పెద్ద తప్పు. ఈ రోజు ఆపేసినా దాని ప్రభావం రెండు వారాల వరకు ఉండవచ్చు. ఈలోగా ఆయన ఎక్కువ తాగినా ప్రమాదమే, ఒక్కసారిగా మానినా ప్రమాదమే. అందుకే మాల వరకు ఆగకుండా రేపో ఎల్లుండో ఆసుపత్రికి తీసుకెళ్లమంటున్నాను.

కిడ్నీల గురించి అడిగారు. ఈ మాత్రతో మా భయం ముఖ్యంగా లివర్‌కు. అరుదుగా తీవ్రమైన హెపటైటిస్ వస్తుంది. కామెర్లు వచ్చిన మనిషికి లివర్ పరీక్ష చేయకుండా ఇది ఇవ్వకూడదు. పసరు తాగించాక కళ్ల పసుపు తగ్గి ఉండవచ్చు, లోపల లివర్ ఎలా ఉందో ఎవరూ చూడలేదు. మద్యం ఆపినప్పుడు నిద్ర పట్టించి, వణుకు తగ్గించే మందు ఎంచుకోవడం కూడా లివర్ స్థితిని బట్టే ఉంటుంది. మామూలుగా క్లోర్‌డయాజిపాక్సైడ్ ఇస్తాం, లివర్ బలహీనంగా ఉంటే లోరాజిపామ్ మేలు. రెండూ ఆసుపత్రిలో డోసు తగ్గించుకుంటూ వచ్చి ఆపేవి. పక్కింటివారి నిద్రమాత్ర తెచ్చి మద్యం మీద వేస్తే శ్వాస ఆగిపోవచ్చు.

ఆ తర్వాత మళ్లీ తాగాలన్న కోరిక తగ్గించడానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్, బాక్లోఫెన్ వంటివి ఉన్నాయి. నాల్‌ట్రెక్సోన్ తాగితే వచ్చే మజాను తగ్గిస్తుంది, ట్రమడాల్ లాంటి నొప్పి మందులు వాడేవారికి ఇవ్వం. మూటలు మోసే మనిషి కాబట్టి నడుము నొప్పికి ఏం మింగుతున్నారో అడిగి చెప్పండి. అకాంప్రోసేట్ లివర్ మీద భారం పడనిది, కిడ్నీల ద్వారా పోతుంది, కాబట్టి కిడ్నీ పరీక్ష చూసి ఇస్తాం. ఈ పేర్లు పట్టుకుని మెడికల్ షాపుకు వెళ్లకండి. ఏది సరిపోతుందో మనిషిని, రిపోర్టులను చూసిన డాక్టరే చెప్పాలి. నెలల తరబడి వాడాలి, కౌన్సెలింగ్ కూడా ఉండాలి.

మాల వేసుకుంటానని తనంతట తానే అన్నారు చూశారా, మానాలన్న కోరిక ఆయనలో ఉంది. దీక్ష మధ్యలో చెడకుండా ఉండాలంటే ముందు ఆసుపత్రిలో చూపించుకుందామనండి, చాలామంది ఆ మాటకు ఒప్పుకుంటారు. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మానసిక వైద్య విభాగం ఉంది. బయల్దేరేలోగా మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు, 14416 నంబరుకు ఫోన్ చేయండి, ఉచితం. ఫిట్స్, అయోమయం, లేనివి కనిపించడం, ఛాతీ నొప్పి, రక్తపు వాంతి – వీటిలో ఏది కనిపించినా ఆర్‌ఎంపీని పిలవకుండా 108కి చేయండి.

మాత్రల స్ట్రిప్, పాత కామెర్ల రిపోర్టులు ఏవైనా ఉంటే వెంట తెచ్చుకోండి. ఎన్ని రోజులు, ఎంత కలిపారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. ఆయన ముందు చెప్పడానికి భయమైతే ముందుగా మీరొక్కరే లోపలికి వెళ్లి చెప్పండి. ఆయనకు ఎప్పుడు, ఎలా చెప్పాలో ఆ డాక్టరే మీతో కూర్చుని చూస్తారు.